గ్దాన్‌స్క్: పెద్దనదికి పక్కకు తప్పుకుని బతికిన రేవు

విస్తులా నది దక్షిణ పోలండ్‌లోని బెస్కిడ్ కొండల్లో పుట్టి, 1,047 కిలోమీటర్లు ప్రయాణించి ఉత్తరాన బాల్టిక్ సముద్రంలో కలుస్తుంది. ఆ నది మొగ దగ్గర వెయ్యేళ్లుగా ఉన్న రేవు గ్దాన్‌స్క్. జర్మన్లు దీన్నే డాన్‌జిగ్ అన్నారు. పాత పటాల్లో ఏ పేరు కనిపించినా ఊరు ఒకటే. అందరూ దీన్ని విస్తులా రేవు అంటారు గానీ, పాత పట్నం విస్తులా ఒడ్డున లేదు. మోత్వావా అనే చిన్న ఏటి ఒడ్డున, ఆ ఏరు విస్తులా పాయలో కలిసే చోటుకు కాస్త ఎగువన, వారగా కూర్చుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే గ్దాన్‌స్క్ చరిత్రలో చాలా ముడులు వాటంతటవే విడిపోతాయి.

అంత పెద్ద నదిని వదిలి పిల్ల ఏటిని ఎందుకు నమ్ముకున్నారు? మొదటి కారణం మంచు. దక్షిణం నుంచి ఉత్తరానికి పారే నదికి వసంతం ముందు పుట్టుక దగ్గరికి వస్తుంది, మొగ దగ్గరికి ఆలస్యంగా వస్తుంది. ఎగువన మంచు కరిగి వరద బయల్దేరేసరికి దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. పగిలిన మంచు పలకలు కొట్టుకొచ్చి, కదలని మంచుకు తగిలి, ఒకదానిపై ఒకటి ఎక్కి గోడ కడతాయి. నీరు ఆ గోడ వెనక గంటల్లో మీటర్ల ఎత్తు లేచి గట్లు తెంచుకుంటుంది. అలాంటి నది ఒడ్డున కట్టిన రాతి రేవు కూడా ఎక్కువ ఏళ్లు నిలవదు. మోత్వావాలో ప్రవాహం నెమ్మది, దాని సొంత వరద తక్కువ. ఓడలు చలికాలమంతా అక్కడ కట్టేసి ఉంచినా నలిగిపోవు.

రెండో కారణం ఇసుక. విస్తులా తెచ్చే మేటనంతా మొగ దగ్గర వదిలేస్తుంది. బాల్టిక్‌లో చెప్పుకోదగ్గ ఆటుపోట్లు లేవు. కాబట్టి రోజుకు రెండుసార్లు మొగను కడిగే నీటి ఊపు లేదు. నది వదిలిన ఇసుకను అలలూ తీరం వెంబడి సాగే నీరూ అటూ ఇటూ జరుపుతాయే తప్ప తీసుకుపోవు. ఆటుపోట్లకు బదులు ఇక్కడ గాలి లెక్క. ఉత్తరపు తుపాను గాలి వీస్తే సముద్రం పాయల్లోకి ఎదురెక్కి, నీటిమట్టం మీటరుకు పైగా పెరగగలదు. దక్షిణపు గాలి నిలబడితే నీరు వెనక్కి తగ్గి, బరువు ఓడలు మొగలో నేల తగులుతాయి.

ఊరికి రెండు వైపులా నేల వేరు వేరు. పడమటన హిమయుగం వదిలిన మట్టి గుట్టలు లేచి, లోపలికి పోయేకొద్దీ 100 మీటర్లు దాటతాయి. తూర్పున ఝువావీ అనే డెల్టా పళ్లెంలా పరుచుకుంది. అందులో కొంత భాగం సముద్రమట్టానికి దిగువన, అతి పల్లమైన చోట దాదాపు 2 మీటర్ల లోతున ఉంది. 16వ శతాబ్దిలో మతహింస తప్పించుకుని నెదర్లాండ్స్ నుంచి వచ్చిన, మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన రైతులు కరకట్టలు కట్టి, గాలిమరలతో నీరు తోడి, ఈ బురదను ఆ ప్రాంతంలోనే మేలైన సాగుభూమిగా మార్చారు. గట్టు, కాలువ, తోడుడు యంత్రం: మూడింటిలో ఏది ఆగినా అక్కడ సాగు లేదు. 1945 మార్చిలో జర్మన్ సైన్యం గట్లు పేల్చినప్పుడు మునిగిన నేలను మళ్లీ ఆరబెట్టడానికి మూడు నాలుగేళ్లు పట్టింది.

పడమటి గుట్టల నుంచి నీటిని ఊళ్లోకి తెచ్చింది రదూనియా కాలువ. 14వ శతాబ్దిలో ట్యుటానిక్ యోధసంఘం, అంటే అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన జర్మన్ క్రైస్తవ యోధుల సంఘం, దాదాపు 13 కిలోమీటర్ల పొడవున తవ్వించింది. తాగునీటికీ, మరలు తిప్పడానికీ అదే ఆధారం. దాని మీద 1350 ప్రాంతంలో కట్టిన పెద్ద పిండిమరకు తర్వాతి కాలంలో 18 నీటి చక్రాలుండేవి. కాలువను గుట్ట అంచున గట్టు పోసి ఎత్తుగా నడపడం వల్ల నీటికి మంచి వాలు దొరికింది. అదే దాని బలహీనత కూడా. 2001 జులై 9న కొన్ని గంటల్లోనే 100 మిల్లీమీటర్లు దాటిన వాన పడింది. గుట్టల మీద కొత్తగా లేచిన కాలనీలు, రోడ్ల మీద నుంచి ఇంకకుండా జారిన నీరంతా ఈ కాలువలో దిగింది. గట్టు తెగి పల్లపు వీధులు మునిగాయి, ప్రాణాలు పోయాయి. పిండిమరల కొలతలో తవ్విన కాలువ నగరమంతటికీ వాననీటి కాలువ కాలేకపోయింది. తర్వాత పై గుట్టల్లో వాననీరు నిలిపే చెరువులు కట్టారు.

పట్నం చేతికి తాళంచెవి

రాతల్లో ఈ ఊరి పేరు మొదట కనిపించేది 997 నాటి సంఘటన దగ్గర. బాల్టిక్ తీరపు ప్రష్యన్ తెగలకు క్రైస్తవం బోధించడానికి వెళ్తున్న బిషప్ అడాల్బర్ట్ ఇక్కడ ఆగాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. ప్రాంతీయ ప్రభువుల కింద పెరిగిన పట్నాన్ని 1308లో ట్యుటానిక్ యోధసంఘం పట్టుకుంది. పట్టుకున్నప్పుడు ఊరి జనాన్ని ఊచకోత కోశారు. అయినా వాళ్ల ఏలుబడిలోనే ఊరు విస్తరించి హాన్సా వర్తక కూటమిలో పెద్ద సభ్యుల సరసన చేరింది. ఇప్పుడు కనిపించే వీధుల అమరిక ఆ కాలానిదే. ముఖ్యమైన వీధులన్నీ మోత్వావాకు అడ్డంగా సాగి ఏటి ఒడ్డున ఒక్కో ద్వారం దగ్గర ముగుస్తాయి. ఓడ నుంచి దించిన సరుకు తిన్నగా వర్తకుడి ఇంటికి చేరాలన్నదే ఆ అమరిక వెనక లెక్క. ఇళ్లు వీధి వైపు ఇరుకు, లోపలికి లోతు. రాయి దొరకని నేల కాబట్టి కట్టడాలన్నీ ఇటుకవే. 1343లో మొదలై 1502లో పూర్తయిన సెయింట్ మేరీ చర్చి 105 మీటర్ల పొడవుతో ప్రపంచంలోని అతిపెద్ద ఇటుక చర్చిల్లో ఒకటి.

యోధసంఘం పన్నులూ పెత్తనమూ భరించలేక 1454లో పట్నం తిరగబడింది. మోత్వావా ఒడ్డున ఉన్న వాళ్ల కోటను ఇటుక ఇటుకగా కూల్చి, పోలండ్ రాజు కాజిమీర్ 4ను తమ ప్రభువుగా ఒప్పుకుంది. ఆపై పదమూడేళ్ల యుద్ధం. దాని ఖర్చులో పెద్ద భాగం గ్దాన్‌స్క్ వర్తకులే మోశారు. 1457లో యోధసంఘపు రాజధాని మాల్బోర్క్ కోటను, జీతాలు అందని కిరాయి సైనికుల దగ్గర డబ్బిచ్చి కొన్నప్పుడు కూడా వీళ్ల మూటే ఎక్కువ తెరుచుకుంది. బదులుగా వీళ్లు అడిగినవి తెలివైన కోరికలు: రేవును తెరిచే, మూసే హక్కు, నౌకాయానం మీద అజమాయిషీ, సొంత నాణేలు, పట్నం అనుమతి లేకుండా పరదేశి ఎవరూ ఇక్కడ వ్యాపారం చేయకూడదన్న నియమం. 1466 తోరున్ సంధితో యుద్ధం ముగిసింది. విస్తులా పొడవునా పోలండ్ రాజ్యం, ఆ నది మొగ దగ్గర తాళంచెవి మాత్రం పట్నం చేతిలో. తర్వాతి 300 ఏళ్ల సంపదకూ తగాదాలకూ మూలం ఇదే.

ధాన్యం దారి

ఈ ఏర్పాటు ఎలా పనిచేసిందో ధాన్యం వెంట నడిస్తే తెలుస్తుంది. పోలిష్ జమీందార్ల భూముల్లో అర్ధబానిస రైతులు వెట్టి చేసి పండించిన రై ధాన్యం, కొంత గోధుమ చలికాలంలో నది ఒడ్డు కొట్లకు చేరేవి. మంచు పోయి నది నిండుగా ఉన్న వసంతంలో పడవలు కదిలేవి. పెద్దది ష్కూతా: అడుగు బల్లపరుపుగా, 16 నుంచి 20 మంది సరంగులతో, పదుల టన్నులు మోసేది. కొమియెంగా అనే మరో రకం మొరటు పలకలతో ఒక్క ప్రయాణానికే కట్టినది. గ్దాన్‌స్క్ చేరాక దాన్ని విప్పి కలపగా అమ్మేసేవారు. ఎదురు ప్రవాహంలో ఖాళీ పడవను లాగే కూలి కంటే అదే లాభం. ఆలస్యమైతే వేసవి మట్టానికి నీరు దిగి పడవలు ఇసుకతిన్నెల మీద కూర్చునేవి. అప్పుడు సరుకు చిన్న పడవల్లోకి మార్చాలి, ధాన్యం తడుస్తుంది, ధర పడిపోతుంది.

రేవు చేరిన ధాన్యాన్ని జమీందారు మనిషి డచ్ నావికుడికి నేరుగా అమ్మడానికి వీల్లేదు. అతిథి అతిథితో వ్యాపారం చేయకూడదన్నది పట్నపు చట్టం. మధ్యలో పట్నం పౌరుడు కొని, తిరిగి అమ్మాలి. అదే పౌరుడు పంట రాకముందే జమీందారుకు అడ్వాన్సు ఇచ్చి ఉండేవాడు కాబట్టి ధర చెప్పే నోరు కూడా అతనిదే. తీసుకెళ్లిన ధాన్యాన్ని వెనక్కి మోసుకుపోయే దారి లేదు, మంచు పడేలోపు అమ్మక తప్పదు. పోలిష్ ప్రభువర్గం దీని మీద ఎంత గోల పెట్టినా మార్చలేకపోయింది. ఆ వర్గం గోల చరిత్రలో నమోదైంది. పొలంలో వెట్టి చేసినవాళ్ల మాట చాలా అరుదుగా వినిపిస్తుంది. ఈ పట్నపు అందమైన ముంగిళ్లను చూసేటప్పుడు ఆ వెట్టిని కూడా లెక్కలో వేసుకోవాలి.

కొన్న ధాన్యం మోత్వావాకు అవతలి గాదెల లంకకు వెళ్లేది. 17వ శతాబ్ది మధ్యలో అక్కడ 300కు పైగా గాదెలుండేవి. 1576లో కొత్త మోత్వావా కాలువ తవ్వి ఆ చోటును నాలుగు వైపులా నీళ్లున్న దీవిగా చేశారు. దానికి కారణాలు రెండు: దొంగలు, నిప్పు. రాత్రి వంతెనలెత్తి కుక్కలను వదిలేవారు. దీపం వెలిగించడం నేరం. తారు, బూడిద లాంటి సరుకులకు విడిగా ఆవరణలు. మెత్తటి నేలలో కలప గుంజలు దిగ్గొట్టి కట్టిన ఆ గాదెలు అంతస్తు మీద అంతస్తు, కప్పులు తక్కువ ఎత్తు. ధాన్యాన్ని పల్చగా పరిచి, చెక్క పారలతో తిరగేస్తూ ఉండాలి. పడవలో తడి పట్టిన రై కుప్పగా ఉంటే లోపల వేడెక్కి, బూజు పట్టి, మొలకెత్తుతుంది. తిరగేసే కూలీల జీతం మిగిల్చుకోవాలని చూసినవాడు గాదె మొత్తం పోగొట్టుకునేవాడు.

కొలత లాస్టు, అంటే సుమారు 2 టన్నులు. 1618లో ఎగుమతి లక్ష లాస్టులు దాటింది. అందులో ఎక్కువ భాగం ఆమ్‌స్టర్‌డామ్ దారే పట్టింది. డచ్చివాళ్లు బాల్టిక్ ధాన్య వ్యాపారాన్ని తమ అన్ని వ్యాపారాలకూ తల్లి అనేవారు. వచ్చేటప్పుడు వాళ్ల ఓడలు ఉప్పు, హెర్రింగ్ చేపలు, సారాయి తెచ్చేవి. బరువు చాలకపోతే అడుగున ఇటుకలు, పెంకులు వేసుకొచ్చేవి. వాటి వెంట కట్టేవాళ్లూ వచ్చారు. 1600 నుంచి 1609 మధ్య లేచిన పెద్ద ఆయుధాగారం ఫ్లాండర్స్ నుంచి వచ్చిన ఆంటోన్ వాన్ ఒబ్బెర్గెన్ పని. ఆ శతాబ్ది మధ్యకు శివార్లతో కలిపి జనాభా 70,000 దాకా చేరి, పోలండ్-లిథువేనియా రాజ్యంలో ఇదే అతిపెద్ద నగరమైంది.

ఒడ్డున ఇప్పటికీ కనిపించే నల్లటి చెక్క క్రేన్, ఝురావ్, 1442-44లో కట్టినది. రెండు ఇటుక బురుజుల మధ్య చెక్క దేహం. లోపల మనిషి నిలువుకు మూడు నాలుగింతలు, సుమారు 6 మీటర్ల వ్యాసం ఉన్న చక్రాలు. మనుషులు చక్రం లోపల ఎక్కుతున్నట్టు నడిస్తే ఇరుసుకు తాడు చుట్టుకుంటుంది. చక్రం ఇరుసుకు ఎన్ని రెట్లు పెద్దదో మనిషి బరువు ఇంచుమించు అన్ని రెట్లు పనిచేస్తుంది. పోగా రాపిడికి కొంత నష్టం. ఈ క్రేన్ 4 టన్నులను 11 మీటర్లకు, 2 టన్నులను 27 మీటర్లకు ఎత్తగలిగేది. ఆ రెండో ఎత్తు ఓడ స్తంభాలు నిలబెట్టడానికి. దీని కొక్కెం పక్కకు తిరగదు. అందుకే ఓడనే సరిగ్గా దాని కిందికి జరిపి కట్టేవారు. అసలు ప్రమాదం దించేటప్పుడు. బరువు పట్టు తప్పితే చక్రం ఎదురు తిరిగి లోపలి మనుషులను విసిరికొడుతుంది.

మొగ ఎవరిదైతే ఊరు వారిది

పట్నానికీ సముద్రానికీ మధ్య 6, 7 కిలోమీటర్ల పాయ ఉంది. దాని చివర కాపలా విస్వోవుయిశ్చె కోట. అక్కడ 1482లో ఇటుక దీపస్తంభం కట్టి, 16వ శతాబ్దిలో దాని చుట్టూ ఫిరంగి గోడలు, బురుజులు పెంచారు. 1577లో పోలండ్ రాజు స్టీఫన్ బాతొరీని ఒప్పుకోనన్న పట్నాన్ని ఆయన ముట్టడించాడు. బయటి యుద్ధంలో పట్నం ఓడింది గానీ మొగ దగ్గరి కోట లొంగలేదు. సముద్రం తెరిచి ఉన్నంతకాలం ఆకలి లేదు. వర్తకాన్ని పక్కనున్న ఎల్బ్లాంగ్ రేవుకు మళ్లించాలన్న రాజు ఎత్తూ పూర్తిగా పారలేదు. చివరికి పట్నం ఆయన్ను రాజుగా ఒప్పుకుని 2 లక్షల జ్లోతీలు చెల్లించి రాజీ పడింది.

తూర్పు వైపు రక్షణకు నీటినే వాడారు. 1620ల ప్రాంతంలో డచ్ ఇంజనీర్లు మోత్వావా మీద కట్టిన రాతి లాకు తలుపులు మూస్తే ఏరు వెనక్కి పొంగి పల్లపు పచ్చికలన్నీ మునిగేవి. ఫిరంగి బళ్లు అటునుంచి రాలేవు. కాబట్టి శత్రువు ఎప్పుడూ పడమటి గుట్టల నుంచే రావాలి. 1734లో, పోలండ్ సింహాసనం కోసం జరిగిన యుద్ధంలో, రష్యన్లు అలాగే వచ్చి, గుట్ట మీది కోటపై దాడిలో ఘోరంగా దెబ్బతిన్నారు. అయితే ఫ్రెంచి సాయం విఫలమై మొగ చేజారాక పట్నం లొంగిపోయింది.

దీన్ని అందరికంటే బాగా అర్థం చేసుకున్నది ప్రష్యా రాజు ఫ్రెడ్రిక్ 2. 1772లో పొరుగు రాజ్యాలు పోలండ్ నేలను మొదటిసారి పంచుకున్నప్పుడు గ్దాన్‌స్క్ ఆయన వాటాకు రాలేదు. పట్నం చుట్టూ ఉన్న నేలను మాత్రం ఆయన తీసుకున్నాడు. మొగ దగ్గరి నోవీ పోర్ట్ అనే చోటు ఓలివా మఠం భూమి అనీ, మఠం తనదైంది కాబట్టి అదీ తనదేననీ వాదించి ఆక్రమించాడు. విస్తులా మీద పైన ఒక సుంకపు చావడి, కింద మొగలో ఇంకొకటి. ఎల్బ్లాంగ్‌కు మాత్రం రాయితీ. ఇరవై ఏళ్లు ఊపిరాడకుండా చేసి, 1793లో పట్నాన్ని కలిపేసుకున్నారు. అప్పటికి జనాభా వైభవకాలంతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. ఆ ఏడాదే హాంబర్గ్ వలసపోయిన వర్తక కుటుంబాల్లో ఒకటి షోపెన్‌హవర్‌ది. భావి తత్వవేత్తకు అప్పుడు ఐదేళ్లు.

నది దారి మార్చుకుంటే

మొగ మాత్రం ఎవరి మాటా వినలేదు. 17వ శతాబ్దిలో కోట ముందు ఇసుకమేటలు పైకి తేలి లంకగా మారాయి. అదే తర్వాత వెస్టర్‌ప్లాట్టె. ఉత్తరపు దారి పూడిపోతుంటే లంకకు పడమటగా కొత్త దారి లోతు చేశారు. అది నోవీ పోర్ట్. దాని జర్మన్ పేరుకు అర్థమే కొత్త ఓడదారి అని. 19వ శతాబ్ది మధ్యలో పాత దారి మూసుకుపోయి లంక నేలకు కలిసింది.

1829 ఏప్రిల్‌లో మంచుగోడ వల్ల గట్లు తెగి పట్నం పెద్ద భాగం మునిగింది. 1840 జనవరి 31 రాత్రి ఇంకా పెద్ద మార్పు జరిగింది. మళ్లీ మంచు అడ్డుపడితే నది ఊరి దాకా రాకుండా, దాదాపు 10 కిలోమీటర్ల తూర్పున గూర్కి దగ్గర ఇసుకదిబ్బలను చీల్చి నేరుగా సముద్రంలో పడింది. కవి విన్సెంటీ పోల్ ఆ కొత్త పాయను ధైర్యశాలి విస్తులా అన్నాడు, ఆ పేరే నిలిచింది. మనుషులు చేయాల్సిన పనిని నది చేసి చూపింది. ఇంజనీర్లు 1891-95లో ఇంకా తూర్పున ష్విబ్నో దగ్గర సుమారు 7 కిలోమీటర్ల తిన్నటి కాలువ తవ్వి, ప్షెగలీనా దగ్గర లాకులతో పాత పాయను వేరుచేశారు. 1895 మార్చి 31న నదిని కొత్త దారిలోకి వదిలారు. ఊరి పక్కనున్న పాయకు అప్పటి నుంచి చచ్చిన విస్తులా అని పేరు. పేరు విషాదంగా ఉన్నా రేవుకు అది వరమే. వరద రాదు, మంచు గుద్దదు, కొత్త మేట పడదు. ఓడల నిర్మాణశాలలు ఆ నిశ్చలమైన నీటి ఒడ్డునే పెరిగాయి.

1920లో వెర్సాయ్ సంధి గ్దాన్‌స్క్‌ను నానాజాతి సమితి కింద స్వేచ్ఛానగరం చేసింది. జనాభాలో అత్యధికులు జర్మన్లు, రేవు అవసరం పోలండ్‌ది. ఆ వేసవిలోనే, సోవియట్లతో యుద్ధం నడుస్తుండగా, పోలండ్‌కు వచ్చిన ఆయుధాలు దించడానికి రేవు కార్మికులు నిరాకరించారు. పోలండ్ తేల్చుకుంది: సొంత మొగ ఉండాలి. సమీపంలోని గ్దీనియా అనే జాలరి పల్లెలో ఇంజనీర్ తదెయూష్ వెండా నాయకత్వాన రేవు కట్టి, 1930ల మధ్యకు సరుకులో గ్దాన్‌స్క్‌ను దాటించింది. వెస్టర్‌ప్లాట్టెలో పోలండ్‌కు చిన్న ఆయుధ గిడ్డంగి దక్కింది. 1939 సెప్టెంబర్ 1 తెల్లవారుజామున జర్మన్ యుద్ధనౌక ష్లెస్విగ్-హోల్‌స్టైన్ దానిపై కాల్పులు మొదలుపెట్టింది. సుమారు 200 మంది ఏడు రోజులు నిలబడ్డారు.

1945 మార్చి చివర సోవియట్ సైన్యం వచ్చేసరికి పాత పట్నంలో అధిక భాగం శిథిలమైంది. ఝురావ్ చెక్క దేహం కాలిపోయింది. జర్మన్ జనాన్ని పంపేశారు, కొత్తగా వచ్చినవారిలో విల్నియస్ లాంటి తూర్పు నగరాలు కోల్పోయిన పోలిష్‌లు చాలామంది. పునర్నిర్మాణం నిజాయితీగానే చేశారు గానీ యథాతథంగా చేయలేదు. వీధి ముఖాలు 19వ శతాబ్దికి ముందటి రూపంలో కట్టారు, ప్రష్యా కాలపు గుర్తులు తగ్గించారు. ఆ ముఖాల వెనక మామూలు ఫ్లాట్లు, పెరటి కొట్లు ఉండాల్సిన చోట ఖాళీ జాగాలు. నడిచి చూసేవారు వెనక సందుల్లోకి వెళ్తే ఈ తేడా వెంటనే తెలుస్తుంది. 1980 ఆగస్టు 14న చచ్చిన విస్తులా ఒడ్డున లెనిన్ షిప్‌యార్డ్‌లో మొదలైన సమ్మె ఆ నెల 31 నాటి ఒప్పందంతో సాలిడారిటీ అనే స్వతంత్ర కార్మిక సంఘాన్ని పుట్టించింది. దాని కథకు వేరే వ్యాసమే కావాలి.

ఇవాళ రేవు బరువంతా పాయను దాటి సముద్రం మీదికి జరిగింది. 1970లలో కట్టిన ఉత్తర రేవు, 2007లో మొదలైన కంటైనర్ టెర్మినల్ నేరుగా గ్దాన్‌స్క్ సింధుశాఖకు ఎదురుగా ఉన్నాయి. అక్కడికి చేరే ఓడదారి లోతు 17 మీటర్లు. డెన్మార్క్ జలసంధుల గుండా సుమారు 15 మీటర్లకు మించి మునిగే ఓడ బాల్టిక్‌లోకి రాలేదు కాబట్టి, ఆ సముద్రంలోకి రాగలిగిన ఏ ఓడైనా ఇక్కడ ఆగగలదు. ఏటా 20 లక్షలకు పైగా కంటైనర్ యూనిట్లు దిగుతాయి, ఎక్కుతాయి. ముడిచమురు కూడా ఇక్కడే దిగుతుంది. మోత్వావాలో ఇప్పుడు పర్యాటక పడవలూ, యుద్ధం తర్వాత ఇక్కడ కట్టిన మొదటి సముద్రపు ఓడ, 1948 నాటి సోవ్‌దెక్, మ్యూజియంగా మిగిలాయి.

ఇసుక మాత్రం ఆగలేదు. ష్విబ్నో మొగలో 1895 నుంచి పడుతున్న మేట విసనకర్రలా సముద్రంలోకి పెరుగుతోంది. అది మొగను పూడిస్తే మంచు బయటికి పోదు, ఝువావీ గట్ల మీద మళ్లీ 1829 నాటి భారం పడుతుంది. అందుకే మొగకు ఇరువైపులా రాతి కట్టలను సముద్రంలోకి మరింత పొడిగిస్తూ వచ్చారు. మంచు విరిచే ఓడలు ప్షెగలీనాలో సిద్ధంగా ఉంటాయి. వాటి పని ఎప్పుడూ సముద్రం వైపు నుంచే మొదలవుతుంది. ముందు మొగ తెరిచి, ఆ తర్వాతే ఎగువకు ఎక్కుతాయి. ముందుగా ఎగువన విరిస్తే ఆ ముక్కలు కిందికి కొట్టుకొచ్చి, విరగని మంచు దగ్గర గోడ కడతాయి.